పిచ్చర్ మధ్యలో ఆగిపోతే బాకేనా? పిల్లల బేస్‌బాల్ మ్యాచ్‌లో అంపైర్ ముందు చూడాల్సింది పాదం

మాస్టారు గారూ, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మీరు గాజువాక వైపు స్కూల్లో పీఈటీగా చేస్తున్నారు. ఆఖరి ఇన్నింగ్స్‌లో స్కోరు సమానంగా ఉండగా మీ అండర్-14 బేస్‌బాల్ జట్టు ఓడిపోయింది. మూడో బేస్‌లో అవతలి జట్టు రన్నర్ ఉన్నాడు. మీ పిచ్చర్ (బంతి వేసేవాడు) రెండు చేతులూ కలిపి నిలబడి, బంతి వేయబోతుండగా ఎవరో "టైమ్, టైమ్" అని అరిచారు. కుర్రాడు చేతులు విడదీసి ఆగిపోయాడు. అంపైర్ బాక్ (రన్నర్‌ని మోసగించేలా పిచ్చర్ చేసే తప్పు కదలిక) ఇచ్చి రన్నర్‌ని హోమ్‌కి (బ్యాటర్ దగ్గరి ప్లేట్, అక్కడికి చేరితే పరుగు) పంపేశారు, మ్యాచ్ అయిపోయింది, కుర్రాడు ఏడ్చాడు. ఇది న్యాయమేనా అన్నది మీ మొదటి ప్రశ్న. వచ్చే నెల మిమ్మల్నే అంపైరింగ్‌కి రమ్మన్నారు, బాక్ ఎలా పట్టుకోవాలి అన్నది రెండోది.

మొదటిదానికి జవాబు, అరిచింది ఎవరో తేలితే గానీ చెప్పలేం. అవతలి డగౌట్‌లో కోచ్ గానీ ఆటగాడు గానీ పిచ్చర్‌ని తప్పుదోవ పట్టించాలని అరిచి ఉంటే ఆ బాక్ చెల్లదు. బంతి ఆటలో ఉండగా "టైమ్" అనో ఇంకో మాట అనో, పిచ్చర్ చేత బాక్ చేయించడానికి ఎవరూ అరవకూడదని రూల్ పుస్తకంలో సూటిగానే ఉంది. అలా చేసినవాళ్లని మైదానం నుంచి పంపేయాలి, బాక్ జరిగినా రద్దు చేయాలి. అదే మీ సొంత డగౌట్ నుంచి వచ్చిన కేక అయితే అది బాకే. టైమ్ ఎవరైనా అడగొచ్చు, ఆట ఆపేది మాత్రం అంపైర్ ఒక్కరే. అంపైర్ చేతులు పైకెత్తేదాకా ఆట నడుస్తున్నట్టే. ఇంకో సందర్భం కూడా ఉంది. పిచ్చర్ మొదలుపెట్టాక బ్యాటర్ బాక్స్ లోంచి బయటికి వచ్చేయడం చూసి కుర్రాడు ఆగిపోతే, రన్నర్లు ఉన్నా అది బాక్ కాదు. తప్పు ఇద్దరిదీ కాబట్టి టైమ్ చెప్పి మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టిస్తారు.

నేను అక్కడ లేను కాబట్టి ఆ అంపైర్‌ని తప్పు పట్టను. కానీ కేక వినిపించాక, రన్నర్‌ని హోమ్‌కి పంపే ముందు, అది ఏ వైపు నుంచి వచ్చిందో తోటి అంపైర్‌ని అడిగి ఉండాల్సింది. మ్యాచ్‌ని తేల్చేసే నిర్ణయానికి ముందు అర నిమిషం ఆగితే ఎవరూ కాదనరు.

ఇక రెండో ప్రశ్న. ఇది కొంచెం పెద్దది.

మన పిల్లలకి బాక్ ఎందుకు అర్థం కాదో ముందు చెబుతాను. వాళ్ల చేతులూ కాళ్లూ క్రికెట్‌తో పెరిగాయి. వీధిలో బౌలర్ పరిగెత్తుకొచ్చి క్రీజ్ దగ్గర ఆగిపోతే ఎవరూ ఏమీ అనరు. వెనక్కి వెళ్లి మళ్లీ వస్తాడు, అంతే. వేసే ముందు బంతి చేతిలోంచి జారితే క్రికెట్‌లో డెడ్ బాల్. బేస్‌బాల్‌లో ఈ రెండూ, రన్నర్ ఉన్నప్పుడు, రబ్బర్ (పిచ్చర్ కాలు ఆనించి బంతి వేసే, నేలలో దించిన పలక) మీద కాలు ఉండగా చేస్తే బాక్. అందుకని మన కుర్రాళ్లు చేసే బాకుల్లో ఎక్కువ భాగం మోసం కాదు, అలవాటు. ఈ సంగతి గుర్తుంటే మీ గొంతు కూడా మారుతుంది. దొంగని పట్టుకున్నట్టు అరవరు.

మరి అంత చిన్నదానికి అంత శిక్ష ఎందుకు? రన్నర్ బేస్ వదిలి నాలుగైదు అడుగులు ముందుకొచ్చి నిలబడతాడు. బంతి హోమ్ వైపు వెళుతుందా, తన వైపు వస్తుందా అన్నది పిచ్చర్ ఒంటిని చూసే తెలుసుకోవాలి. పిచ్చర్ హోమ్‌కి వేస్తున్నట్టు కదిలి ఇటు తిరిగి విసరగలిగితే, రన్నర్ బేస్‌కి అతుక్కుపోవాల్సిందే. బేస్ దొంగిలించడం, అంటే బ్యాటర్ కొట్టకుండానే తర్వాతి బేస్‌కి పరిగెత్తడం, అనేదే ఆటలో ఉండదు. అందుకే రూల్ పిచ్చర్‌తో "హోమ్‌కి మొదలుపెట్టావా, హోమ్‌కే వెయ్యి. బేస్‌కి అనుకున్నావా, కాలు ఆ వైపే పెట్టి వెయ్యి" అంటుంది. తప్పితే రన్నర్లందరికీ ఒక్కో బేస్. బ్యాటర్‌కి ఏమీ రాదు, అతని బాల్స్ (చెడ్డ బంతులు, నాలుగైతే మొదటి బేస్), స్ట్రైక్స్ (మూడైతే అవుట్) లెక్క మారదు. తల్లిదండ్రులు దీన్ని నోబాల్‌తో పోలుస్తారు గానీ, నోబాల్ పరుగు జట్టు మొత్తానికి వస్తుంది, బాక్ లాభం బేస్ మీద ఉన్నవాడిదే. బేస్‌ల మీద ఎవరూ లేకపోతే బాక్ అన్న మాటే లేదు.

నోబాల్‌తో ఒక్క పోలిక మాత్రం బాగా పనికొస్తుంది. క్రికెట్ అంపైర్ ముందు క్రీజ్ మీద బౌలర్ పాదం చూస్తాడు, ఆ తర్వాతే తల ఎత్తుతాడు. మీరూ అలాగే చేయండి. ముందు పాదం, తర్వాత చేతులు, ఆ తర్వాత భుజం. కొత్త అంపైర్లు చేసే తప్పంతా చేతుల్ని చూడటంలోనే ఉంది. నేనూ అదే చేశాను.

ఎనిమిదేళ్లు అయి ఉంటుంది. ఎంవీపీ కాలనీ వైపు ఒక మైదానంలో స్కూళ్ల మ్యాచ్. రబ్బర్ అంటే నిజమైన రబ్బర్ కాదు, మేకులు కొట్టి నేలలో దించిన చెక్కముక్క. సన్నటి కుర్రాడు, ఎడమచేతి వాటం, బొటనవేలి దగ్గర చిరిగిన కాన్వాస్ బూట్లు. మొదటి బేస్‌లో ఒకడు, మూడో బేస్‌లో ఒకడు. నేను ప్లేట్ వెనక. కుర్రాడు చేతులు కలిపాడు, ఉన్నట్టుండి చెయ్యి మొదటి బేస్ వైపు ఊపాడు, బంతి వదల్లేదు. నేను "బాక్" అని అరిచాను. పరుగు వచ్చింది. వాడు గొడవ చేయలేదు. "ఏటి మేడమ్, నాను కాలు తీసేసినాను కదా" అని చెక్క వెనక ఎర్రమట్టిలో తన బూటు అచ్చు చూపించాడు. అచ్చు అక్కడే ఉంది. చెక్కకి నాలుగు వేళ్ల వెడల్పు వెనక, నిండుగా, కొత్తగా ఉంది. ఎడమ కాలు రబ్బర్ వెనక్కి తీసేశాకే చెయ్యి ఊపాడు. కాలు తీశాక వాడు పిచ్చర్ కాదు, మామూలు ఫీల్డర్. ఏ బేస్ వైపైనా ఊపొచ్చు, విసరకపోయినా ఫర్వాలేదు. పిచ్చర్ వెనక నిలబడ్డ నా తోటి అంపైర్‌కి అది స్పష్టంగా కనిపించింది. నేను అడగలేదు. అడిగి ఉంటే మార్చేవాళ్లం. ఆ జట్టు ఒక్క పరుగుతో ఓడింది. ఆ తర్వాత ఏ మ్యాచ్‌లోనూ పాదం చూడకుండా నా నోట ఆ మాట రాలేదు.

ఇప్పుడు పాదం గురించి వివరంగా చెబుతాను. కుడిచేతి పిచ్చర్‌కి కుడి కాలు, ఎడమచేతి పిచ్చర్‌కి ఎడమ కాలు పివట్ కాలు. రెండోది ఫ్రీ కాలు. పివట్ కాలు రబ్బర్‌కి తగిలి ఉన్నంతసేపే అతని మీద ఈ కట్టుబాట్లన్నీ ఉంటాయి. ఒకే ఒక్క పెద్ద మినహాయింపు ఏమిటంటే, రబ్బర్ మీద లేకుండా బంతి వేస్తున్నట్టు నటించడం, బంతి చేతిలో లేకుండా రబ్బర్ మీదో దానికి అటూ ఇటూ కాళ్లు పెట్టో నిలబడి నటించడం కూడా బాకే. మిగతాదంతా రబ్బర్ మీదే తేలుతుంది.

రబ్బర్ మీద నిలబడటానికి రెండే పద్ధతులు. వైండప్‌లో పిచ్చర్ బ్యాటర్‌కి ఎదురుగా నిలబడతాడు, పివట్ కాలు రబ్బర్‌కి తగిలి ఉంటుంది, ఫ్రీ కాలు స్వేచ్ఛగా ఉంటుంది. ఫ్రీ కాలితో ఒక అడుగు వెనక్కి, ఒక అడుగు ముందుకి వేయొచ్చు. ఒకసారి కదలిక మొదలైతే ఆగకూడదు, మార్చకూడదు. సెట్ పొజిషన్‌లో పివట్ కాలు రబ్బర్‌కి తగిలి, ఫ్రీ కాలు రబ్బర్‌కి ముందు ఉంటుంది. పిచ్చర్ పక్కకి తిరిగి నిలబడి చేతులు రెండూ ఒంటి ముందు కలిపి పూర్తిగా ఆగాలి, ఆ తర్వాతే వేయాలి. రన్నర్లు ఉన్నప్పుడు దాదాపు అందరూ సెట్ లోంచే వేస్తారు, ఎందుకంటే వైండప్ నెమ్మది, రన్నర్ పారిపోతాడు. ఈ రెండింటికీ మధ్యలో ఏదోలా నిలబడే పిల్లలు కనిపిస్తారు. ప్రొఫెషనల్ రూల్ ప్రకారం రన్నర్లు ఉన్నప్పుడు పివట్ కాలు రబ్బర్‌కి సమాంతరంగా, రెండో కాలు ముందు ఉంటే అది సెట్ కిందే లెక్క. వైండప్ వేయదలిస్తే ఆ బ్యాటర్ ఆట మొదలవక ముందే అంపైర్‌కి చెప్పాలి. మీ పిల్లలు ఎవరైనా అలా నిలబడితే మొదటి ఇన్నింగ్స్‌కి ముందే "బాబూ, ఇది వైండపా, సెట్టా?" అని అడిగేయండి. తర్వాతి తలనొప్పి ఉండదు.

రబ్బర్ వదలాలంటే పివట్ కాలు వెనక్కి తీయాలి. ముందు ఫ్రీ కాలు తీస్తే అది వేయడం మొదలుపెట్టినట్టు, వేయకపోతే బాక్. మన పిల్లలు పూర్తిగా తప్పేది ఇక్కడే. భయం వేసినా, కోచ్ పిలిచినా, సైగ అర్థం కాకపోయినా ముందు కదిలేది ఫ్రీ కాలో, చేతులో. మీ కుర్రాడూ అంతే. కేక వినగానే పివట్ కాలు చెక్క వెనక్కి తీసి అప్పుడు చేతులు విడదీసి ఉంటే ఎవరూ ఒక్క మాట అనేవాళ్లు కాదు. ఒకటి మాత్రం పిల్లలకి చెప్పండి. రబ్బర్ మీద ఉండి బేస్‌కి విసిరిన బంతి మైదానం దాటిపోతే రన్నర్లకి ఒక్క బేస్ వస్తుంది. రబ్బర్ దిగాక విసిరింది దాటిపోతే రెండు. ఈ సంగతి తెలియక కొందరు కోచ్‌లు "ప్రతిసారీ కాలు దించి విసురు" అని నేర్పుతున్నారు.

బేస్‌కి విసిరేటప్పుడు చూడాల్సింది ఫ్రీ కాలు ఎటు పడిందో. రూల్ "నేరుగా ఆ బేస్ వైపు అడుగు వేసి" అంటుంది. కుడిచేతి పిల్లల్లో ఎక్కువమంది మొదటి బేస్‌కి గబుక్కున ఎగిరి తిరుగుతారు, అందులో తప్పేమీ లేదు, అడుగు అటు పడితే చాలు. కష్టం ఎడమచేతి వాళ్లతో. వాళ్లు మొదటి బేస్‌కి ఎదురుగానే నిలబడతారు కాబట్టి కాలు ఎత్తినప్పుడు హోమ్‌కా, ఫస్ట్‌కా అన్నది చివరిదాకా తెలియదు. అది వాళ్ల హక్కు, దాన్ని బాక్ అనకండి. కాలు ఎక్కడ దిగిందన్నదే లెక్క. అంపైర్లు వాడే కొలత, రబ్బర్ నుంచి హోమ్‌కీ ఫస్ట్‌కీ మధ్య 45 డిగ్రీల గీత. అది పుస్తకంలో ఉన్న గీత కాదు, చూపుకి ఆసరా. కాలు దానికి ఫస్ట్ వైపు దిగితే మంచిది, హోమ్ వైపు దిగి ఫస్ట్‌కి విసిరితే బాక్. ప్రాక్టీస్‌లో ముగ్గుపిండితో ఆ గీత గీసి నలుగురు పిల్లల చేత పదేసి సార్లు విసిరించి చూడండి. మధ్యాహ్నానికల్లా మీ కన్ను కుదురుతుంది. నేను అలాగే నేర్చుకున్నాను. ఇంకో సంగతి, ఫ్రీ కాలు ఊగి రబ్బర్ వెనక అంచు దాటిపోతే ఇక ఫస్ట్‌కి లేదు. హోమ్‌కి వేయాలి, లేదా రెండో బేస్‌కి.

నటన విషయంలో కూడా తేడాలున్నాయి. రబ్బర్ మీద ఉండి రెండో బేస్‌కి అడుగు వేసి, విసరకుండా ఆపేయొచ్చు. మొదటి బేస్‌కి అలా కుదరదు, అడుగు వేస్తే విసరాలి. మూడో బేస్‌కి నటించి మొదటి బేస్‌కి తిరిగే పాత ఎత్తు ప్రొఫెషనల్ రూల్స్‌లో 2013 నుంచి బాక్. ఎవరూ లేని బేస్‌కి విసరడం కూడా బాకే, అటు రన్నర్ పరిగెత్తుతుంటే తప్ప.

ఇక పూర్తిగా ఆగడం. సెట్‌లో చేతులు కలిపాక ఎంతసేపు ఆగాలి? సెకన్ల లెక్క లేదు. ఆగినట్టు కనపడాలి. చేతులు కిందికి వస్తూ వస్తూ అదే ఊపులో పైకి వెళ్లిపోతే ఆగనట్టు. ఇది ప్లేట్ వెనక నుంచే బాగా కనిపిస్తుంది. ఈ ఆగడం విషయంలో ఒక చరిత్ర ఉంది, కొత్త అంపైర్లకి తప్పక చెబుతాను. 1988లో అమెరికా మేజర్ లీగ్‌లో రూల్‌లో మాటలు మార్చి, ఆగడం స్పష్టంగా కనపడాలని గట్టిగా పట్టుకున్నారు. ముందు ఏడాది 356 బాకులు ఉన్న చోట ఆ ఏడాది 924 వచ్చాయి. ఓక్లాండ్ పిచ్చర్ డేవ్ స్టూవర్ట్ ఒక్కడి మీదే 16. ఆటగాళ్లు కొత్తగా మోసగాళ్లు అయిపోలేదు, చూసే కన్ను మారింది, అంతే. తర్వాతి ఏడాదే ఆ మాటలు తీసేశారు. మీరు కూడా బాక్ కోసం వెతికితే పిల్లల మ్యాచ్‌లో ప్రతి రెండో బంతికీ ఒకటి దొరుకుతుంది. పన్నెండు, పదమూడేళ్ల పిల్లల ఒళ్లు అలా ఉంటుంది, భుజం అదురుతుంది, గ్లవ్ కదులుతుంది, మోకాలు వణుకుతుంది.

రూల్ పుస్తకమే ఇందుకు దారి చూపిస్తుంది. బాక్ రూల్ ఉన్నది పిచ్చర్ కావాలని రన్నర్‌ని మోసం చేయకుండా ఆపడానికే, అంపైర్‌కి అనుమానం వస్తే పిచ్చర్ ఉద్దేశాన్ని చూడాలి అని అందులోనే రాసి ఉంది. కానీ కొన్నింటికి ఉద్దేశంతో పని లేదు. మొదలుపెట్టి ఆగిపోవడం, రబ్బర్ మీద ఉండగా బంతి జారిపోవడం, సెట్‌లో ఆగకపోవడం, చేతులు కలిపాక ఊరికే ఒక చెయ్యి తీసేయడం, వీటిని మీరు చూస్తే ఇవ్వాల్సిందే, కావాలని చేసినా చేయకపోయినా. మీ కుర్రాడి విషయంలో "వాడు కావాలని చేయలేదు" అన్న వాదన నిలబడకపోవడానికి కారణం ఇదే. ఉద్దేశాన్ని నేను చూసేది, ఆ భుజం చిన్నగా అదరడం రన్నర్‌ని కదిలించడానికా, మామూలు అలవాటా అన్న చోట. రన్నర్ నిజంగా మోసపోయి ఒక అడుగు వేసి వెనక్కి పరిగెత్తితే నా అనుమానం తీరిపోతుంది.

విశాఖలో గాలి, చెమట గురించి వేరే చెప్పాలి. మధ్యాహ్నం దాటాక సముద్రం గాలి లేచిందంటే బీచ్ వైపు మైదానాల్లో చిన్నపిల్లలు సెట్‌లో నిలబడి ఊగుతారు. 1961 ఆల్‌స్టార్ మ్యాచ్‌లో శాన్‌ఫ్రాన్సిస్కో కాండిల్‌స్టిక్ పార్క్‌లో స్టూ మిల్లర్ అనే పిచ్చర్ సెట్‌లో ఉండగా గాలికి ఒళ్లు ఊగింది, అంపైర్ బాక్ ఇచ్చారు. అంతటి ఆటగాడికే జరిగింది. గాలి ఎక్కువగా ఉంటే నేను ముందే పిచ్చర్లని పిలిచి "ఊగినట్టు అనిపిస్తే పివట్ కాలు వెనక్కి తీసెయ్" అని చెబుతాను. దుమ్ము లేస్తే నేనే టైమ్ ఇచ్చేస్తాను, అది అంపైర్ చేతిలో పని. ఇక ఏప్రిల్ ఉక్కలో బంతి సబ్బుబిళ్లలా జారుతుంది. రన్నర్లు లేనప్పుడు వేస్తుండగా జారిన బంతి ఫౌల్ లైన్ (హోమ్ నుంచి మొదటి, మూడో బేస్‌ల వైపు వెళ్లే హద్దు గీత) దాటితే బాల్, దాటకపోతే అసలు బంతి పడనట్టే. రన్నర్లు ఉంటే దాటకుండా ఆగింది బాక్ అవుతుంది. రన్నర్లు ఉన్నప్పుడు రబ్బర్ మీదకి ఎక్కక ముందే చెయ్యి తుడుచుకోమని చెప్పండి.

ఒక్క దానిలో మాత్రం నేను ఎవరికీ సడలింపు ఇవ్వను. బ్యాటర్ ఇంకా తల దించి కాళ్లు సర్దుకుంటుండగా బంతి వేసేయడం. దీన్ని క్విక్ పిచ్ అంటారు. రన్నర్లు ఉంటే బాక్, లేకపోతే బాల్. బంతి తలకి తగిలితే రూల్ పుస్తకం ఏం లాభం? మన మ్యాచ్‌ల్లో హెల్మెట్‌లు కూడా అన్నీ సరైన సైజువి ఉండవు. మొదటిసారే ఇచ్చేస్తాను.

ఇవ్వడం ఎలా? చేత్తో పిచ్చర్ వైపు చూపించి, అందరికీ వినబడేలా "బాక్" అనండి. ప్రొఫెషనల్ రూల్ అయితే అక్కడితో ఆట ఆగదు. బంతి వేశాడేమో, విసిరాడేమో చూడాలి. ఆట ముగిశాక, లేదా బంతి పట్టేశాక, "టైమ్" చెప్పి రన్నర్లకి బేస్ ఇవ్వాలి. ఉదాహరణకి మొదటి బేస్‌లో రన్నర్, మీరు బాక్ అన్నారు, పిచ్చర్ ఆగకుండా వేశాడు, బ్యాటర్ కొట్టి రెండో బేస్‌కి వెళ్లాడు, రన్నర్ మూడుకి వెళ్లాడు. అందరూ కనీసం ఒక బేస్ ముందుకెళ్లారు కాబట్టి బాక్ మరిచిపోండి, ఆట అలాగే ఉంటుంది. అదే బంతికి బ్యాటర్ గాల్లో క్యాచ్ ఇచ్చి అవుటైతే ఆ అవుట్ లేదు, బ్యాటర్ తిరిగి వస్తాడు, రన్నర్ రెండుకి వెళ్తాడు. ఇంకోటి కొంచెం మెలిక. రెండో బేస్‌లో మాత్రమే రన్నర్, బాక్ అన్నాక వేసిన బంతి నాలుగో బాల్ అయింది. బ్యాటర్ మొదటి బేస్‌కి వెళ్తే రన్నర్‌కి కదలాల్సిన పనిలేదు, అందరూ ముందుకెళ్లినట్టు కాదు. కాబట్టి ఆ బంతి లెక్కలోకి రాదు, రన్నర్ మూడుకి, బ్యాటర్ పాత లెక్కతో ప్లేట్ దగ్గరికి. పిచ్చర్ బేస్‌కి అడ్డదిడ్డంగా విసిరి బంతి పోతే రన్నర్లు తమకి రావాల్సిన బేస్ దాటి కూడా పరిగెత్తొచ్చు, కానీ అవుటైతే వాళ్లదే బాధ్యత.

అమెరికా హైస్కూల్ రూల్స్‌లో ఇదంతా లేదు, బాక్ అనగానే బంతి డెడ్. పిల్లల బేస్‌బాల్ నడిపే లిటిల్ లీగ్‌లో 12 ఏళ్లలోపు విభాగంలో బాక్ అసలు లేదు. అక్కడ రబ్బర్ నుంచి ప్లేట్‌కి 46 అడుగులే, బంతి బ్యాటర్‌ని చేరేదాకా రన్నర్ బేస్ వదలకూడదు, కాబట్టి మోసపోయేవాడే లేడు. తప్పుగా వేస్తే బ్యాటర్‌కి ఒక బాల్ ఇస్తారు, అంతే. రన్నర్ ముందే బేస్ వదలడానికి వీలున్న పెద్ద మైదానాల్లో ఆడే పిల్లలకే అసలు బాక్. అందుకే మీరు మైదానానికి వెళ్లే ముందురోజే నిర్వాహకులని అడగండి. ఏ రూల్ పుస్తకం, బాక్ ఉందా లేదా, ఉంటే బంతి వెంటనే డెడ్డా, మొదటి తప్పుకి హెచ్చరిక ఉందా? హెచ్చరిక అన్నది ప్రొఫెషనల్ రూల్ పుస్తకంలో లేదు. టోర్నీ వాళ్లు రాసుకుంటేనే ఉంటుంది. అండర్-14కి ఒక్కో పిచ్చర్‌కి ఒక హెచ్చరిక పెట్టమని నేను ఎప్పుడూ అడుగుతాను, చాలాసార్లు ఒప్పుకుంటారు. ఒప్పుకోకపోతే మాత్రం మీ సొంతంగా ఇవ్వకండి. ఒక జట్టుకి హెచ్చరిక, ఇంకో జట్టుకి బేస్ అయితే ఆ రోజు మీ మాట ఎవరూ నమ్మరు.

నిలబడే చోటు గురించి రెండు మాటలు. ఇద్దరు అంపైర్లు ఉంటే, పెద్ద మైదానంలో రన్నర్లు ఉన్నప్పుడు ఒకరు పిచ్చర్ వెనక, మౌండ్‌కీ (రబ్బర్ ఉండే దిబ్బ) రెండో బేస్‌కీ మధ్య నిలబడతారు. ఆయనకి పివట్ కాలు, ఫ్రీ కాలు ఎటు పడిందో బాగా కనిపిస్తుంది. ప్లేట్ వెనక ఉన్నవాళ్లకి మోకాలు, భుజం, చేతులు ఆగాయా లేదా అన్నది కనిపిస్తుంది. ఎవరు చూస్తే వాళ్లు ఇవ్వొచ్చు. ఒక్కరే ఉంటే, మన స్కూలు మ్యాచ్‌ల్లో చాలాసార్లు ఒక్కరే ఉంటారు, ప్లేట్ వెనక నుంచి కనబడినంతే ఇవ్వండి. సగం కనబడినదాన్ని ఊహతో పూరించకండి. కోచ్ మూడో బేస్ దగ్గర నుంచి "సార్, బాక్, బాక్" అని అరుస్తూనే ఉంటాడు, వాళ్లకి అది అలవాటు.

ఇచ్చాక పిచ్చర్‌కి కారణం చెప్పండి. వివరణ అక్కర్లేదు, ఒక్క ముక్క చాలు. "నాన్నా, చేతులు ఆగలేదు." "బాబూ, కాలు హోమ్ వైపు పడింది." పిల్లలు కోపంగా ఉండేది ఏం చేశారో తెలియనప్పుడే. చెప్పినవాడు మళ్లీ అదే తప్పు చేయడం నేను చాలా తక్కువసార్లు చూశాను. వాళ్ల కోచ్ వచ్చి అడిగినా అదే ముక్క చెప్పండి, ఇంకో ముక్క కలపకండి.

మీ కుర్రాడి సంగతికి వస్తే, రేపు ప్రాక్టీస్‌కి వాడిని ఒక అరగంట ముందు రమ్మనండి. మూడో బేస్‌లో ఎవరినైనా నిలబెట్టండి. చెక్కముక్క మీద వాడు సెట్‌కి రాగానే మీరు వెనక నుంచి గట్టిగా "టైమ్" అని అరవండి. వాడు ప్రతిసారీ ముందు కుడి కాలు చెక్క వెనక్కి తీయాలి, ఆ తర్వాతే చేతులు విడదీయాలి. మొదటి పది సార్లు చేతులే ముందు కదులుతాయి. ఇరవై దాటేసరికి కాలు ముందు కదలడం మొదలవుతుంది. అప్పుడు మిగతా పిల్లల్ని కూడా పిలిచి, ఒకేసారి నలుగురి చేత నాలుగు వైపుల నుంచి అరిపించండి.